ద్వారమునొద్ద కూర్చున్నవారు

ఈ నెల పాఠము: సంఘపు పాటలోను, ఆటలోను, చేతిపనిలోను వికలాంగులైన పెద్దలకు పాలు

చదువవలసిన భాగములు: 2 సమూయేలు 9:1-13, లూకా 14:12-24, అపొస్తలుల కార్యములు 3:1-10, 1 కొరింథీయులకు 12:14-26.



డిసెంబరు 3వ తేదీ వికలాంగుల అంతర్జాతీయ దినము. ఐక్యరాజ్య సమితి నిర్ణయము చొప్పున 1992వ సంవత్సరము మొదలుకొని లోకమంతట దీనిని ఆచరించుచున్నారు. ఈ దినము సరిగా మన క్రిస్మసు సిద్ధపాటు దినములలో వచ్చుచున్నది. అప్పటికి మన గ్రామములలో సాయంకాలము కాగానే మందిరములో డోలకు మ్రోగును. యౌవనస్థులు నాటకము నేర్చుకొందురు. స్త్రీల సమాజమువారు కోలాటము అభ్యాసము చేయుదురు. నక్షత్రమును కట్టుకొని ఇల్లిల్లు తిరుగుటకు పిల్లలు తొందరపడుచుందురు. ఈ సమయమున మనలను మనము ఒక ప్రశ్న వేసికొనుట మంచిది. మన పేటలో నడువలేని పెద్దవాడొకడు కలడు. చూపులేని అక్క ఒకతె కలదు. చెవులు వినబడని అన్న కలడు. బుద్ధి వికాసము ఆలస్యమైన తమ్ముడు కలడు. ఈ పాటలో, ఈ నాటకములో వారి పాలు ఏమి?

వారికి మనము ఏమి ఇచ్చుచున్నామని మేము అడుగుటలేదు. పండుగనాడు బట్ట ఇచ్చు సంఘములు కలవు. బియ్యము ఇచ్చు సంఘములు కలవు. అది మంచిదే. వారియొద్దనుండి సంఘము ఏమి పుచ్చుకొనుచున్నదని అడుగుచున్నాము. ఈ నెల పాఠమంతయు ఈ ఒక్క మాటమీదనే నిలుచును.

1. ద్వారము వరకు మోసినవారు

అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయమును తెరువుడి. పుట్టినది మొదలు కుంటివాడైన ఒక మనుష్యుడు శృంగారమను దేవాలయపు ద్వారమునొద్ద కూర్చుండి భిక్షమడుగుచుండెను. అతడు బాలుడు కాడు. 4వ అధ్యాయము 22వ వచనము చొప్పున అతని వయస్సు నలువది సంవత్సరములకు పైబడినది. అతనికి దయగల మనుష్యులు లేకపోలేదు. ప్రతిదినము ఎవరో అతనిని మోసికొనివచ్చి అక్కడ ఉంచుచుండిరి. దేవాలయములోనికి పోవువారు ధర్మము చేయుచుండిరి. ఇందులో ఎవరిది దుర్మార్గమని చెప్పుదుము? ఎవరిదియు కాదు. అయినను ఒక సంగతి గమనింపుడి. ద్వారము వరకు అతనిని మోసికొనివచ్చినవారు లోనికి మోసికొని పోయిరని వాక్యము చెప్పుటలేదు. లోపల కీర్తనలు పాడబడుచుండెను. అతడు బయట ఉండెను. లోపలికి పోవువారికి అతడు ధర్మము చేయు అవకాశముగా ఉండెనే గాని, వారితోకూడ స్తుతించువాడుగా ఉండలేదు.

పేతురు యోహానులు ఆ దారినే వచ్చిరి. వారు మొదట చేసిన పని ఏది? అతనిని తేరిచూచిరి, తమవైపు చూడుమని అడిగిరి. చెయ్యి పట్టి లేవనెత్తిరి. అతడు వెంటనే ఇంటికి పోలేదు. వారితోకూడ దేవాలయములోనికి వెళ్లెను. నడచుచు, గంతులు వేయుచు, దేవుని స్తుతించుచు వెళ్లెను. నలువది ఏండ్లు బయట విన్న స్తుతిలో ఆ దినమున అతని స్వరము కలిసినది.

మన మందిరములకు శృంగార ద్వారము లేకపోవచ్చును. కాని మెట్టు కలదు, అరుగు కలదు, వేపచెట్టు నీడ కలదు. అక్కడ ఎవరైన కూర్చుండి లోపలి పాటను వినుచున్నారేమో ఈ ఆదివారము చూడుడి.

2. బాగుపడిన తరువాతనేనా?

"ఆ కుంటివాడు స్వస్థత పొంది లోనికి వెళ్లెను గదా, స్వస్థత లేనివారి సంగతి ఏమి?" అని మీరు అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. దీనికి ఉత్తరము 2 సమూయేలు 9వ అధ్యాయములో ఉన్నది.

యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు ఐదేండ్ల వయస్సున దాది ఎత్తుకొని పారిపోవుచుండగా క్రిందపడి రెండు కాళ్లును కుంటివాడాయెను (4:4). పెద్దవాడైన తరువాత లోదెబారులో ఒకరి యింట ఉండెను. దావీదు అతనికి ధాన్యము పంపి ఊరకుండలేదు. పిలిపించెను, పేరుపెట్టి పిలిచెను. తన బల్లయొద్ద, రాజకుమారులలో ఒకనివలె, ఎల్లప్పుడు భోజనము చేయునట్లు స్థలమిచ్చెను. అధ్యాయపు చివరి వచనము చదువుడి. అతడు బల్లయొద్ద కూర్చుండెననియు, అప్పటికిని రెండు కాళ్లు కుంటివనియు అదే వచనము చెప్పుచున్నది. కాళ్లు బాగుపడిన తరువాత స్థలము దొరకలేదు; కాళ్లు అట్లేయుండగా స్థలము దొరికినది.

అంతకు కొద్ది అధ్యాయములకు ముందు, 2 సమూయేలు 5:8లో, గ్రుడ్డివారును కుంటివారును ఇంటిలోనికి రాకూడదను సామెత యొకటి పుట్టినట్లు చదువుదుము. ఆ సామెతకు మొదటి జవాబు రాజు బల్లయొద్ద మెఫీబోషెతుకు దొరికిన చోటు. చివరి జవాబు మత్తయి 21:14. దావీదు కుమారుడైన యేసు దేవాలయమును శుద్ధిచేసిన వెంటనే గ్రుడ్డివారును కుంటివారును దేవాలయములో ఆయనయొద్దకు వచ్చిరి. తరువాతి వచనములో పిల్లల జయధ్వని వినబడుచున్నది. వ్యాపారులు బయటికి పోయిరి, వికలాంగులు లోనికి వచ్చిరి, అప్పుడు పాట పుట్టినది. ఈ క్రమమును మరువకుడి.

మరికొందరు లేవీయకాండము 21:17-23ను చూపుదురు. అవయవలోపము గల యాజకుడు బలిపీఠమును సమీపింపకూడదని అక్కడ ఉన్నమాట నిజమే. అయితే అతడు పరిశుద్ధ ఆహారమును తినవచ్చునని ఆ భాగములోనే 22వ వచనము చెప్పుచున్నది, అతనిని వెలివేయలేదు. ఇప్పుడు మనకు బలి అర్పించిన యాజకుడు క్రీస్తు ఒక్కడే. ఆయన బలి ఒక్కసారియే జరిగినది. ఆయనయందు విశ్వాసముంచిన ప్రతివాడును స్తుతి అర్పించు యాజకుడే (1 పేతురు 2:9). ఆ యాజకత్వమునకు కాళ్లు, కన్నులు లెక్కచూచు అధికారము మనకు ఇయ్యబడలేదు.

ఇంకొక మాట చెప్పవలెను. ఒకరు గ్రుడ్డివారుగా పుట్టుటకు ఎవరి పాపము కారణమని శిష్యులు అడుగగా, ప్రభువు ఆ లెక్కనే కొట్టివేసెను (యోహాను 9:1-3). అయినను మన మధ్య "విశ్వాసము చాలక నీవు బాగుపడలేదు" అను మాట ఇంకను వినబడుచున్నది. ఒక కూటమునుండి మరియొక కూటమునకు మోయబడి, ప్రతిచోట ఈ మాటయే విని, చివరకు మందిరము ముఖమే చూడనొల్లని వారు కలరు. స్వస్థత కొరకు ప్రార్థించుట మానవద్దు. కాని స్వస్థతను ప్రవేశ రుసుముగా చేయవద్దు.

3. పెద్దవారిని గూర్చి ఎందుకు?

పిల్లలకైతే బడియున్నది, వసతిగృహమున్నది. మన దేశములో గ్రుడ్డిపిల్లలకు మొదటి బడిని 1887లో అమృతసరులో అన్నీ షార్ప్ అను మిషనరీ స్థాపించెను. నాటినుండి క్రైస్తవ సేవకులు ఈ పనిలో ముందున్నారు. కాని బడి ముగిసిన తరువాత ఆ బిడ్డ ఇంటికి వచ్చును. తోడివారు పనికి పోవుదురు, పెండ్లిండ్లు చేసికొందురు. ఇతడు అరుగుమీద మిగిలిపోవును. ఇరువదియేండ్లు, నలువదియేండ్లు అట్లే గడచును.

2011 జనాభా లెక్కలలో మన దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది అని తేలినది. అందులో 1 కోటి 86 లక్షల మంది గ్రామములలోనే ఉన్నారు. అప్పటికి ఉమ్మడిగానున్న ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములో వారి సంఖ్య 22 లక్షల 66 వేలు. ఇది పట్టణపు సమస్య కాదు, మన ఊరి సంగతి. పోలియోనే తీసికొనుడి. సహజముగా వ్యాపించు పోలియో మన దేశములో చివరిసారి కనబడినది 2011 జనవరి 13న, పశ్చిమ బెంగాలులో. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశము పోలియోనుండి విడుదల పొందెనని ధ్రువపరచెను. దేవునికి స్తోత్రము! అయితే అంతకు ముందు ఆ రోగముచేత కాళ్లు పోయినవారు ఎక్కడికిని పోలేదు. వారిలో అనేకులు ఇప్పుడు ముప్పది, నలువది, యేబది యేండ్లవారు. బిడ్డలకు చుక్కలు వేయించి సంతోషించిన మనము ఈ పెద్దవారిని మరువరాదు.

దేశ చట్టము కూడ ఈ విషయమును పలుకుచున్నది. 2016లో చేయబడిన వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించెను. 1995 నాటి చట్టములో ఇవి 7 మాత్రమే. కొత్త చట్టములోని 29వ సెక్షను వికలాంగులకు కళలలోను, వినోదములలోను ఇతరులతో సమానమైన పాలు ఉండునట్లు ప్రభుత్వము చర్యలు తీసికొనవలెనని చెప్పుచున్నది. కూడు, గుడ్డ, పింఛను మాత్రమే గాక పాటయు ఆటయు మనుష్యుని హక్కే అని ప్రభుత్వమే ఒప్పుకొనినప్పుడు, సంఘము వెనుకబడి ఉండవచ్చునా?

4. పాట, ఆట, చేతిపని ఎందుకు?

దేవుని ఆత్మచేత నింపబడెనని బైబిలులో మొదట చెప్పబడిన మనుష్యుని తలంచుకొనుడి. అతడు ప్రసంగీకుడు కాడు. బెసలేలు అను పనివాడు (నిర్గమకాండము 31:1-6). బంగారము, కఱ్ఱ, రత్నముల పనికొరకు దేవుడు అతనిని నింపెను. అహోలీయాబును అతనికి తోడుగా నిచ్చెను. కనుక చేతిపని దేవుని దృష్టికి చిన్నది కాదు.

మన తెలుగు సంఘముల పాటకు ఒక మేలు కలదు. పురుషోత్తమ చౌదరి మొదలైన భక్తులు మన రాగ తాళములలో కీర్తనలు కట్టిరి. ఒకరు చరణము అందింతురు. అందరు పల్లవి అందుకొందురు. భజనయు అంతే. ఇందుకు పుస్తకము చూడనవసరము లేదు. చదువురాని మన తాతలు, అవ్వలు ఇట్లే వందల కీర్తనలు కంఠస్థము చేసిరి. ఏ పద్ధతి చదువురానివారికి తలుపు తెరచెనో అదే పద్ధతి చూపులేనివారికిని తెరచును. బుర్రకథలో కథకునికి ఇరుప్రక్కల వంతలున్నారు. ఒకడు తడబడినచో ఇద్దరు ఎత్తుకొందురు. కోలాటములో ఎదుటివాని కఱ్ఱను చూచి కఱ్ఱ వేయుదుము. చెవి వినబడనివాడు కన్నుతో తాళము పట్టవచ్చును. డప్పు దెబ్బ నేలగుండ పాదమునకును, గాలిగుండ రొమ్మునకును తగులును. మన కళలు ఒంటరివాని కొరకు పుట్టలేదు, గుంపుకొరకు పుట్టినవి. అందుకే ఇవి వికలాంగులను కలుపుకొనుటకు తగినవి.

సాక్షులు కూడ లేకపోలేదు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు (1893-1964) చూపు మిక్కిలి మందమైనవారు. అయినను 1919లో విజయనగరము సంగీత కళాశాలలో ఫిడేలు ఉపాధ్యాయులై, 1936లో ఆ కళాశాలకు ప్రిన్సిపాలైరి. ఆయన మన మతస్థులు కారు. అయినను మన తెలుగువారందరికి గౌరవము తెచ్చినవారు. అమెరికా దేశమున ఫానీ క్రాస్బీ (1820-1915) పసితనముననే చూపు కోల్పోయెను. ఎనిమిది వేలకు పైగా క్రైస్తవ గీతములు వ్రాసెను. గ్రుడ్డివారికి చుక్కల లిపిని కల్పించిన లూయీ బ్రెయిలీ (1809-1852) మూడేండ్ల వయస్సున తండ్రి పనిముట్టు తగిలి కన్ను పోగొట్టుకొనెను; తరువాత రెండవ కన్నును పోయెను. పెద్దవాడై పారిసు పట్టణములో దేవాలయపు ఆర్గాను వాయించెను. 1829లో అతడు అచ్చువేసిన గ్రంథములోనే అక్షరములతోపాటు సంగీతమును వ్రాయు విధమును చూపెను. మన దేశ భాషలకు ఒకే బ్రెయిలీ పద్ధతి 1951లో ఏర్పడినది. తెలుగును అందులో కలదు. నర్తకి సుధాచంద్రన్ 1981లో ప్రమాదము తరువాత కాలు కోల్పోయి, జైపూరు కృత్రిమ పాదముతో 1984లో తిరిగి నాట్యమాడెను. ఆమె చరిత్ర 1985లో "మయూరి" అను తెలుగు చలనచిత్రముగా వచ్చినది.

అయితే ఒక హెచ్చరిక. వీరి పేర్లు చెప్పి, "నీవును ఇట్టివాడవైతేనే నిన్ను చేర్చుకొందుము" అనకూడదు. కాళ్లున్న మనలో ఎందరు నాయుడుగారంతటి విద్వాంసులు? గొంతు బాగులేకున్నను మనము పాడుచున్నాము గదా! బలహీనములుగా కనబడు అవయవములే మరి అవశ్యములని పౌలు కొరింథీయులకు వ్రాసెను. బలహీనత పోయిన తరువాత అవశ్యమగునని అతడు వ్రాయలేదు.

5. ఒక గ్రామములో జరిగినది

మేము సేవచేయుచున్న గ్రామములలో ఒకదానియందు పోలియోచేత రెండు కాళ్లు చచ్చుబడిన సహోదరుడు ఒకడు కలడు. వయస్సు నలువదికి పైమాట. మందిరమునకు మూడు మెట్లున్నవి. పండుగ బట్టలు కట్టుకొన్న జనము నడుమ చేతులమీద ప్రాకుచు ఎక్కుట ఇష్టములేక, అతడు ఏండ్ల తరబడి చెట్టుక్రిందనే కూర్చుండి ఆరాధన వినుచుండెను. క్రిస్మసునాడు పెద్దలు బయటికి వచ్చి బట్ట ఇచ్చిపోవుచుండిరి. ఒకనాడు స్త్రీల సమాజమునకు చెందిన ఒక తల్లి ఆ దారిన పోవుచు, అతడు ఖాళీ నూనె డబ్బామీద కీర్తనకు తాళము వేయుట వినెను. దరువు ఎక్కడను తప్పుటలేదు. ఆమె ఈ సంగతి సంఘములో చెప్పెను.

అతని తల్లి మొదట ఒప్పుకొనలేదు. "అయ్యగారూ, వాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చెయ్యకండి. నేనున్నన్నాళ్లు నా ముద్ద వాడికి పెట్టుకుంటాను" అని కన్నీళ్లు పెట్టుకొనెను. అప్పుడు ఆ సమాజపు తల్లియే, "వదినా, నువ్వున్నన్నాళ్లు సరే. ఆ తరువాత వాణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్లు ఈ పేటలో నలుగురైనా ఉండొద్దా?" అనెను. ఆ మాటకు ఆమె చాలసేపు ఏమియు పలుకలేదు.

సంఘములోను ఆక్షేపణ కలిగెను. "ఆరాధన క్రమంగా జరగాలి గదా అయ్యగారూ, తాళం తప్పితే ఎట్లా?" అని ఒక పెద్ద అడిగెను. ప్రక్కనున్న మరియొక పెద్ద, "ఇన్నాళ్లు మన కుర్రాళ్లు తప్పలేదా ఏమిటి బావా?" అనగా అందరు నవ్విరి. పాటల అభ్యాసమును మందిరమునుండి అతని యింటి అరుగుమీదికి మార్చిరి. రెండు నెలలు అక్కడనే జరిగెను. పిదప యౌవనస్థులు మందిరమునకు సిమెంటుతో వాలు కట్టిరి. అతడు తన మూడు చక్రముల బండిమీదనే లోనికి వచ్చి డోలకు వాయించుటకు మొదలుపెట్టెను. మధ్యలో ఒక ఆదివారము జ్వరముచేత రాలేకపోయెను. ఆనాడు పాట నడువలేదు. ఆరాధన కాగానే పది పదునైదుగురు అతని యింటికి పోయిరి. ఇదివరకు అతడు రాకున్నను ఎవరికిని తెలియకుండెను. ఇప్పుడు అతడు లేని లోటు సంఘమంతటికి తెలిసినది.

అంతయు చక్కబడెనని చెప్పుటలేదు. అదే గ్రామములో చెవి వినబడని, మాట రాని ఒక సహోదరి కలదు. చెల్లెండ్ర పెండ్లికి అడ్డమగునను భయముచేత ఇంటివారు ఆమెను ఇంకను బయటికి పంపుటలేదు. స్త్రీలు రెండు మారులు వెళ్లి మాటలాడిరి; ఇంకను వెళ్లుచున్నారు. ఆమె చేతి అల్లికపని బాగుగా నెరుగును. గోదావరి ప్రాంతమున ఈ అల్లికను 19వ శతాబ్దములో మిషనరీలు నేర్పగా, నరసాపురపు లేసు అని పేరుపొందినది. ప్రభువు బల్లమీద పరచు వస్త్రమును ఆమెచేత అల్లించవలెనని సమాజమువారు నూలు తెచ్చియిచ్చిరి. ఆమె పుచ్చుకొనెను. ప్రస్తుతమునకు అంతవరకే జరిగినది. ఆమెను జ్ఞాపకము చేసికొని ప్రార్థింపుడి.

6. మన సంఘములలో చేయదగిన పనులు

(1) మొదట అడుగుడి. "నీవు ఇది చేయుము" అని నిర్ణయింపక, "నీకేమి ఇష్టము?" అని అడుగుడి. బర్తిమయి గ్రుడ్డివాడని కన్నులకు కనబడుచున్నను, నేను నీకేమి చేయగోరుచున్నావని ప్రభువే అడిగెను (మార్కు 10:51).

(2) పేరుపెట్టి పిలువుడి. కుంటి, గుడ్డి, మూగ, పిచ్చి అను మాటలు పేరుకు ముందు తగిలించు అలవాటు మన ఊళ్లలో కలదు. సంఘములో అది మానవలెను. పెద్దవానిని అన్నా అనియు, పెద్దదానిని అక్కా అనియు వరుసపెట్టి పిలువుడి. నలువదియేండ్లవానిని "ఒరే" అనకుడి.

(3) దారి చేయుడి. మెట్లున్నచోట వాలు కట్టుడి. 1 అడుగు ఎత్తునకు 12 అడుగుల పొడవుండవలెను. ఆరేసి అంగుళముల మెట్లు మూడున్నచో ఎత్తు అడుగున్నర. వాలు 18 అడుగులు. తలుపు వెడల్పు 3 అడుగులకు తక్కువ కాకూడదు. బండి ఎక్కలేనంత నిటారుగా కట్టిన వాలు వ్యర్థము.

(4) చూపులేనివారికి కీర్తనను చరణము చరణముగా వినిపించి నేర్పుడి. వారిచేతనే పాట అందింపజేయుడి. నాటకమునకు ముందు రంగస్థలముమీద ఏమున్నదో, ఎవరు ఏ వేషము వేసిరో వారికి చెప్పి, వస్తువులను తాకి చూడనియ్యుడి.

(5) చెవి వినబడనివారిని ముందువరుసలో, వెలుతురులో, డోలకుకు దగ్గరగా కూర్చుండబెట్టుడి. వారితో సైగలతో మాటలాడుట చిన్నతనమని తలంపకుడి. మార్కు 7:33-34లో ప్రభువు చెవిటివానిని ఏకాంతముగా తీసికొనిపోయి, అతని చెవులలో వ్రేళ్లు పెట్టి, నాలుక ముట్టి, ఆకాశమువైపు చూచెను. వినలేనివానితో ఆయన చూడదగిన, తాకదగిన భాషలో మాటలాడెను. మాటలేని నాటకములో వీరు మనకందరికి గురువులు కాగలరు.

(6) బుద్ధి వికాసము ఆలస్యమైనవారికి చిన్న భాగము, ప్రతివారము అదే భాగము ఇయ్యుడి. గంట కొట్టుట, నక్షత్రము మోయుట, పల్లవి చివర చిడతలు వాయించుట వంటివి. ప్రక్కన ఒక తోడు ఉండవలెను. మోషే తాను నోటిమాంద్యము గలవాడననగా దేవుడు అహరోనును తోడిచ్చెను. కాని కఱ్ఱను మోషే చేతిలోనే ఉంచెను (నిర్గమకాండము 4:10-17). తోడుండువారు సహాయము చేయవలెను గాని పనిని లాగికొనకూడదు.

(7) స్త్రీలకు స్త్రీలే తోడుపోవలెను. అభ్యాసమునకు తీసికొనివచ్చుట, చీకటిపడకముందే ఇంటికి చేర్చుట సమాజమువారు పూచీపడవలెను. తల్లిదండ్రుల భయమును తేలికగా తీసికొనకూడదు.

7. చేయకూడని పనులు

నాటకములో కుంటివాని నడకను, నత్తివాని మాటను అనుకరించి జనమును నవ్వించు హాస్యము మన వేదికలమీద ఉండకూడదు. చెవిటివానిని తిట్టవద్దనియు, గ్రుడ్డివాని యెదుట అడ్డము వేయవద్దనియు లేవీయకాండము 19:14 ఆజ్ఞాపించుచున్నది. వికలాంగునికి ఎప్పుడును భిక్షగాని వేషమే ఇయ్యకుడి. హేరోదు సింహాసనముమీద కూర్చుండియే మాటలాడవచ్చును. తూర్పుదేశపు జ్ఞాని బండిమీద రావచ్చును. అట్లని ఎప్పుడును తెర వెనుక పనియే ఇచ్చి దాచకుడి. బొమ్మలాటలో తెరవెనుక గొంతు ఇచ్చినవానిని ఆట ముగిసిన తరువాత ముందుకు పిలిచి, పేరు చెప్పుడి. చందాలకొరకు వారి దైన్యమును చూపకుడి. బట్ట ఇచ్చుచు ఫోటో తీయకుడి. పండుగ కాగానే వదలివేయకుడి. డిసెంబరులో వేషమిచ్చి జనవరిలో చెట్టుక్రిందికి పంపుట ఇంకను క్రూరము. సంఘ కమిటీలోను వారికి మాట ఉండవలెను.

లూకా 14లోని విందును చివరగా తలంచుకొందము. పిలువబడినవారు సాకులు చెప్పిరి. బీదలను, అంగహీనులను, కుంటివారిని, గ్రుడ్డివారిని తీసికొనిరమ్మని యజమానుడు దాసునికి ఆజ్ఞాపించెను. వారికి బయట విస్తళ్లు వేయుమనలేదు; లోనికి తెమ్మనెను. దాసుడు తిరిగివచ్చి ఇంకను చోటున్నదని చెప్పెను. మన మందిరములలోను ఇంకను చోటున్నది. మన పాటలోను చోటున్నది. ఆ చోటు ఖాళీగా ఉన్నంతవరకు ఇంటి యజమానుడు తృప్తిపడడు.

ఇంటి కూటములలో మాటలాడుకొనవలసిన ప్రశ్నలు:

(అ) మన గ్రామములో ఆరాధనకు రాని వికలాంగులైన పెద్దలు ఎవరెవరు? వారి పేర్లు మనకు తెలియునా?

(ఆ) వారు రాకపోవుటకు కారణము మెట్లా, మాటలా, ఇంటివారి భయమా?

(ఇ) వారిలో ఒకరితో కలిసి ఈ క్రిస్మసుకు ఏ పాట, ఏ ఆట, ఏ చేతిపని సిద్ధపరచగలము? వారిని అడుగుటకు ఎవరు, ఏ దినమున పోవుదురు?

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా నోళ్లను, చేతులను కలుగజేసినవాడవు నీవే. మా సంఘమునుండి దూరముగా కూర్చున్న సహోదరులను, సహోదరీలను మేము చూచునట్లు మా కన్నులు తెరువుము. వారియొద్దనుండి పుచ్చుకొను వినయమును మాకు దయచేయుము. నీ బల్లయొద్ద మాతోకూడ వారును, వారితోకూడ మేమును కూర్చుండి నిన్ను స్తుతించునట్లు చేయుము. యేసుక్రీస్తు ప్రభువు నామమున అడుగుచున్నాము. ఆమేన్.